మిలీనియం పార్కు ఫ్రీ కచేరీకి పెద్దవాళ్ళు, పిల్లలతో ఒక సాయంత్రం: ఎలా ప్లాన్ చేయాలి?

పాపికొండలు (సోమవారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మేముండేది షికాగో శివారు నేపర్‌విల్‌లో. అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చారు, అక్టోబరు దాకా ఉంటారు. ఇప్పటిదాకా వాళ్ళు చూసిన షికాగో అంటే అరోరా బాలాజీ గుడి, కాస్ట్‌కో, మా వీధి చివర చెరువు. సిటీకి తీసుకెళ్ళాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. డౌన్‌టౌన్‌లో మిలీనియం పార్కులో వేసవంతా సాయంత్రాలు ఫ్రీ కచేరీలు జరుగుతాయని ఆఫీసులో ఒకావిడ చెప్పింది.

అమ్మ కర్ణాటక సంగీతం నేర్చుకుంది, ఇప్పటికీ పాడుతుంది. పాశ్చాత్య సంగీతం ఎప్పుడూ కూర్చుని విన్నది లేదు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, షుగర్. 8 లోపు భోజనం పడాల్సిందే. బాబుకి 6 ఏళ్ళు, పాపకి 15. మా ఆయనకి సిటీలో డ్రైవింగ్ అంటేనే టెన్షన్.

ఏ రోజు వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, తిండి తీసుకెళ్ళచ్చా, వాన వస్తే ఏంటి పరిస్థితి? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బ్లూలైన్ బాబాయ్ (సోమవారం, రాత్రి 9:48)

అమ్మా, మంచి పని చేస్తున్నావు. ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ పార్కులో వేసవిలో జరిగేది ఒక్క కచేరీ కాదు, రకరకాలు. స్టేజీ ఒకటే, దాని పేరు ప్రిట్జ్‌కర్ పెవిలియన్. బుధ, శుక్ర, శనివారాల్లో గ్రాంట్ పార్క్ మ్యూజిక్ ఫెస్టివల్ వాళ్ళ సింఫనీ, అంటే పెద్ద ఆర్కెస్ట్రా వాయించే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, దాదాపు పది వారాలు. బుధ, శుక్రవారాలు 6:30కి, శనివారం 7:30కి మొదలు. ఇది కాక సిటీ వాళ్ళు నడిపే సమ్మర్ మ్యూజిక్ సిరీస్ ఉంది, ఎక్కువగా సోమ, గురువారాల్లో. అందులో జాజ్, ఆఫ్రికన్, లాటిన్, రాక్ అన్నీ వస్తాయి. మంగళవారం సినిమా వేస్తారు. ఇవి కాక జూన్‌లో బ్లూస్ ఫెస్టివల్, లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వారాంతంలో జాజ్ ఫెస్టివల్. అన్నీ ఫ్రీ.

మీ అమ్మగారి కోసమైతే నా ఓటు బుధవారం సింఫనీకి. శనివారం కంటే జనం తక్కువ, త్వరగా అయిపోతుంది. గంటన్నర, మహా అయితే రెండు గంటలు.

మిరపబజ్జీ (సోమవారం, రాత్రి 10:02)

సినిమా రోజు వెళ్ళండి. మీ నాన్నగారు కూడా మెలకువగా ఉంటారు 😄

శామ్‌బర్గ్ సోగ్గాడు (సోమవారం, రాత్రి 10:15)

బాబాయ్ బుధవారం అన్నారు గానీ నేను ఒప్పుకోను. పని రోజు సాయంత్రం నేపర్‌విల్ నుంచి ఇద్దరు పెద్దవాళ్ళని, పిల్లల్ని తీసుకుని 6:30కి అక్కడ ఉండటం ఎలా? 4కే బయల్దేరాలి. శనివారం 7:30 షో అయితే హాయిగా భోంచేసి, మధ్యాహ్నం కునుకు తీసి వెళ్ళచ్చు. పైగా శనివారం చివరికొచ్చేసరికి చీకటి పడుతుంది, బిల్డింగుల లైట్లన్నీ వెలుగుతాయి. అసలు అందం అదే. జూన్ నెలాఖర్లో ఇక్కడ పొద్దు గూకేది 8:30కి. 6:30 కచేరీ అయితే వెలుతురులోనే అయిపోతుంది.

కారులో వెళ్ళండి. పార్కు కిందే గ్యారేజీలున్నాయి, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే గేటు దగ్గర కట్టే రేటు కన్నా బాగా తక్కువ పడుతుంది. గ్యారేజీ నుంచి లిఫ్టులో పైకొస్తే పార్కే.

బ్లూలైన్ బాబాయ్ (సోమవారం, రాత్రి 10:31)

సోగ్గాడూ, వాళ్ళాయనకి సిటీ డ్రైవింగ్ టెన్షన్ అని ఆ అమ్మాయి రాసింది కదయ్యా. ఐసెన్‌హవర్ హైవే మీద శనివారం సాయంత్రం ఏమన్నా ఖాళీగా ఉంటుందా? కచేరీ అవగానే ఆ గ్యారేజీలో వేలమంది ఒకేసారి కార్లు తీస్తారు. ర్యాంపు మీద నిలబడి బంపర్లు చూసుకోవాలి.

నేపర్‌విల్ నుంచి మెట్రా రైలు ఉండగా కారెందుకు? బీఎన్‌ఎస్‌ఎఫ్ లైను, నేరుగా యూనియన్ స్టేషన్. ఎక్స్‌ప్రెస్ అయితే ముప్పావు గంట లోపే, అన్ని స్టేషన్లలో ఆగేదైతే గంట పైన. పిల్లాడికి డబుల్ డెక్కర్ రైలు పైబెర్తు సీటు దొరికితే సగం ట్రిప్పు అక్కడే సఫలం.

శామ్‌బర్గ్ సోగ్గాడు (సోమవారం, రాత్రి 10:40)

యూనియన్ స్టేషన్ నుంచి పార్కు మైలు దూరం బాబాయ్. మోకాళ్ళ నొప్పులున్న ఆయన్ని మైలు నడిపిస్తారా?

బ్లూలైన్ బాబాయ్ (సోమవారం, రాత్రి 10:52)

నడిపించను. స్టేషన్ పక్కనే సీటీఏ వాళ్ళ, అంటే సిటీ బస్సుల టెర్మినల్ ఉంది. అక్కడి నుంచి లూప్ లింక్ బస్సులు వాషింగ్టన్ వీధి మీదుగా మిషిగన్ అవెన్యూ వైపు వెళ్తాయి. లేదంటే అయిదుగురూ ఆరుగురూ అంటే పెద్ద ఊబర్ ఒకటి. గ్యారేజీ డబ్బులతో పోలిస్తే ఏమీ కాదు.

తిరుగు రైలు ఒక్కటే జాగ్రత్త. రాత్రి పూట బండ్లు దాదాపు గంటకొకటి. ఒకటి తప్పితే స్టేషన్ బెంచీ మీద గంట కూర్చోవాలి. వెళ్ళే ముందే టైమ్ టేబుల్ చూసి ఏ బండికి తిరిగి రావాలో అనుకోండి, దాన్నిబట్టి లేవండి. చివరి ఐటెమ్ మధ్యలో లేచి వచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు, ఆరుబయటే కదా.

మోకాళ్ళ మామయ్య (మంగళవారం, ఉదయం 6:20)

పాపికొండలు గారూ, మీ నాన్నగారి తరఫున నేను మాట్లాడతాను, నావీ అవే మోకాళ్ళు.

పచ్చిక మీద కూర్చోబెట్టకండి. అందరూ చాప, పిక్నిక్ అంటారు. కింద కూర్చోవడం సరే, లేవడం ఎవరు లేపుతారు? అక్కడ స్టేజీ ముందు 4,000 సీట్లు ఉన్నాయి, వెనక పచ్చిక మీద ఇంకో 7,000 మంది పడతారు. సీట్లలో ముందు భాగం ఆ ఫెస్టివల్ సభ్యులకి, పాసులు కొనుక్కున్నవాళ్ళకి. దాని వెనక ఉన్నవన్నీ ఎవరు ముందొస్తే వాళ్ళవి, ఫ్రీ. గంట ముందు వెళ్తే బుధవారం సులభంగా దొరుకుతాయి. నడవ పక్క సీటు పట్టుకోండి, కాళ్ళు చాపుకోవచ్చు, బాత్‌రూముకి లేవాలన్నా ఇబ్బంది ఉండదు. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ముఖ్యం.

వీల్‌ఛెయిర్ అవసరమైన పెద్దవాళ్ళుంటే దానికి వేరే చోటు ఉంది, అక్కడ పని చేసేవాళ్ళని అడిగితే తీసుకెళ్ళి చూపిస్తారు. సీట్లు గట్టివి, చిన్న దిండు పట్టుకెళ్ళండి.

చిన్నారుల అమ్మ (మంగళవారం, ఉదయం 8:05)

మామయ్య గారితో సగమే ఒప్పుకుంటా. 6 ఏళ్ళ బాబుని సింఫనీ సీట్లలో గంటన్నర కూర్చోబెట్టడం జరిగే పని కాదు. పది నిమిషాలకి "అమ్మా అయిపోయిందా" అంటాడు. పచ్చిక మీదైతే దొర్లుతాడు, బొమ్మలు వేసుకుంటాడు, ఎవరికీ ఇబ్బంది లేదు.

మేమైతే విడిపోతాం. మా అత్తమామలు వెనక వరస సీట్లలో, మేం పిల్లలతో వాళ్ళకి కనపడేలా పచ్చిక ముందంచున. మధ్యలో డ్యూటీ మారతాం.

ఇంకో మాట. కచేరీకి ముందు బాబుని క్రౌన్ ఫౌంటెన్‌కి తీసుకెళ్ళండి. 50 అడుగుల గాజు టవర్లు రెండు ఎదురెదురుగా ఉంటాయి, వాటి మీద షికాగో మనుషుల ముఖాలు వస్తాయి. ఆ ముఖం నోరు సున్నాలా చుట్టగానే నోట్లోంచి నీళ్ళు పడతాయి. పిల్లలు ఆ నీళ్ళ కిందకి పరుగెత్తుకుంటూ వెళ్తారు, ఆపడం మీ వల్ల కాదు. ఒక జత బట్టలు, తువ్వాలు, చెప్పులు కవర్లో పెట్టుకోండి. తడిసి, అలిసి, తిన్నాడంటే సగం కచేరీకి పచ్చిక మీదే పడుకుంటాడు. మా వాడి విషయంలో అలాగే జరుగుతుంది.

టైం ఉంటే వెండి రంగు వంకీల వంతెన మీదుగా అవతల మ్యాగీ డేలీ పార్కు. ఆ వంతెనకి మెట్లు లేవు, ఏటవాలే, స్ట్రోలర్ కూడా వెళ్తుంది. కానీ అక్కడి ఆట స్థలంలోకి దిగితే కచేరీ సంగతి మర్చిపోండి.

ఓరుగల్లు పోరి (మంగళవారం, ఉదయం 11:30)

నేను ఇక్కడ యూనివర్సిటీలో చదువుతున్న, దోస్తులతోని గురువారం షోలకు పోతుంట. 15 ఏళ్ళ చెల్లె ఉన్నదన్నరు కదా, ఒక ముచ్చట యాదికి పెట్టుకోండ్రి. 2022 నుంచి గురువారం మొదలు ఆదివారం దాకా సాయంత్రం 6 దాటినంక 18 ఏళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళు తోడు లేకుండ ఆ పార్కుల ఉండొద్దు. తోడుండేటోళ్ళకు 21 నిండాలె. మీ పాప "నేను బీన్ కాడ ఫోటో దిగొస్త" అని (ఆ పార్కుల అద్దం లెక్క మెరిసే పెద్ద శిల్పం) ఒక్కతే పోతనంటే శనివారం పంపకండ్రి, ఎవరన్న ఎంట పోండ్రి.

ఎంట్రెన్స్ కాడ బ్యాగులు చెక్ చేస్తరు, లైను ఉంటది. చిన్న బ్యాగులైతే జల్ది అయిపోతది. కుక్కలు, సిగరెట్లు నడవవ్. మందు సంగతి షోను బట్టి మారుతది, ఏ రోజు పోతున్నరో ఆ రోజు రూల్స్ పార్కు వెబ్‌సైట్‌ల సూసుకోండ్రి. పొయ్యిలు గిట్ల అసలే వద్దు.

మిరపబజ్జీ (మంగళవారం, మధ్యాహ్నం 12:10)

పొయ్యి వద్దంటే నా పేరు పెట్టుకున్న ప్రయోజనం ఏముంది.

సరే, తిండి గురించి సీరియస్‌గా. తిండి తీసుకెళ్ళచ్చు, సగం మంది వచ్చేది అందుకే. పక్కన దొరలు చీజు, ద్రాక్షపళ్ళు, వైను గ్లాసులు పేర్చుకుని కూర్చుంటారు. మనం పులిహోర, దద్దోజనం. చల్లారినా బాగుండేవే తీసుకెళ్ళండి. పూరీలు, కూరలు వద్దు, చేతులు కడుక్కునే తిప్పలు. నాన్నగారికి షుగర్ కాబట్టి ఆయనకి వేరే డబ్బాలో రెండు పుల్కాలు చుట్టి, పొడి కూర. కచేరీ 6:30కైతే 5:45కే తినిపించేయండి, సీట్లలో కూర్చుని డబ్బాలు తీసే పని ఉండదు.

చేగోడీలు, చిప్స్ ప్యాకెట్లు మాత్రం సంగీతం మొదలవకముందే ఖాళీ చేయాలి. ఆ ప్యాకెట్ గరగరకి ముందు వరస మొత్తం వెనక్కి తిరుగుతుంది.

వయొలిన్ వీణ (మంగళవారం, మధ్యాహ్నం 1:25)

నేను పాశ్చాత్య వయొలిన్ నేర్చుకున్నదాన్ని, చిన్నప్పుడు కొన్నాళ్ళు కర్ణాటకం కూడా. అమ్మగారి కోసం రాస్తున్నాను.

ముందు ఆ చోటు గురించి. పచ్చిక మీద పైన అంతా స్టీలు గొట్టాలతో అల్లిన పందిరి ఉంటుంది, బీర తీగ పాకించే పందిరిని కొన్ని వందల రెట్లు చేసినట్టు. పొడవు 600 అడుగులు, వెడల్పు 300. స్పీకర్లు దానికి వేలాడుతుంటాయి. మామూలుగా మైదానంలో కచేరీ అంటే స్టేజీకి రెండు పక్కలా పెద్ద స్పీకర్లు పెట్టి వెనకవాళ్ళకి వినపడేలా మోత పెంచుతారు. ఇక్కడ అలా కాదు. శబ్దం స్టేజీ నుంచి మీ దగ్గరికి రావడానికి పట్టే సమయాన్ని లెక్కగట్టి, మీ తలపై స్పీకరు అంత ఆలస్యంగా పలుకుతుంది. అందుకే వెనక పచ్చిక మీద కూర్చున్నా వయొలిన్లు స్టేజీ మీదినుంచే వినిపిస్తున్నట్టు ఉంటుంది. పందిరి దాటి వెనక్కి పోతే మాత్రం ఆ సుఖం ఉండదు. ఎక్కడ కూర్చున్నా పందిరి కిందే కూర్చోండి.

ఈ పెవిలియన్ గీసింది ఫ్రాంక్ గెరీ, 2004లో తెరిచారు. ఆ పార్కు మొత్తం రైలు పట్టాల మీద, గ్యారేజీల మీద కట్టిన మిద్దె తోట, 24.5 ఎకరాలు.

ఇక సంగీతం. అమ్మగారికి ముందే చెప్పండి: తంబూర ఉండదు. మొదట్లో ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం ఇస్తుంది, అందరూ దానికి శ్రుతి కలుపుకుంటారు, ఆ తర్వాత శ్రుతి వెనక వినపడదు. గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) ఉండవు, మనోధర్మం (అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం) ఉండదు, ప్రతి స్వరం కాగితం మీద రాసిందే. దాని బదులు ఒకేసారి నాలుగైదు స్వరాల వరసలు వేర్వేరుగా నడిచి కలుస్తాయి. ఆవిడకి మొదట గందరగోళంగా అనిపించచ్చు. ఒక్క వాద్యాన్ని పట్టుకుని దాని వెంటే వెళ్ళమనండి, సెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది) అయితే సులువు, మనిషి గొంతుకి దగ్గరగా ఉంటుంది.

సింఫనీ అంటే సాధారణంగా నాలుగు భాగాలు. భాగానికీ భాగానికీ మధ్య నిశ్శబ్దం వస్తుంది, అప్పుడు చప్పట్లు కొట్టకూడదు, మొత్తం అయ్యాకే.

మోకాళ్ళ మామయ్య (మంగళవారం, సాయంత్రం 4:40)

మరి "భేష్" అనడం? తల ఊపడం? తొడ మీద తాళం?

వయొలిన్ వీణ (మంగళవారం, సాయంత్రం 5:15)

తల ఊపండి, తాళం మెల్లగా వేసుకోండి, ఎవరూ ఏమీ అనరు. భేష్ మాత్రం ఇంటికొచ్చాక.

బ్లూలైన్ బాబాయ్ (మంగళవారం, సాయంత్రం 5:50)

వీణమ్మా, ఆ చప్పట్ల నియమం లోపల హాల్లో. ఆరుబయట సగం మంది మధ్యలోనే కొడతారు, కండక్టర్ (ఆర్కెస్ట్రాని నడిపించేవాడు) కూడా నవ్వుతాడు. అక్కడికొచ్చేవాళ్ళలో టికెట్ కొని సింఫనీకి వెళ్ళనివాళ్ళే ఎక్కువ, అసలు ఈ కచేరీలు పెట్టిందే వాళ్ళ కోసం. 1935లో, మాంద్యం రోజుల్లో, సంగీత కళాకారుల సంఘం నాయకుడు జేమ్స్ పెట్రిల్లో పూనుకుంటే మొదలయ్యాయి. వాయించేవాళ్ళకి కూలి దొరకాలి, జేబులో డబ్బుల్లేని ఊరివాళ్ళకి సంగీతం దొరకాలి. అప్పుడు గ్రాంట్ పార్కులో వేరే చోట జరిగేవి. ఇన్నేళ్ళయినా టికెట్ పెట్టలేదు.

ఇంకో సంగతి, ఇది నాకిష్టమైనది. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ పార్కులో భవనాలు కట్టకూడదని 19వ శతాబ్దం నుంచి కట్టడి ఉంది. మాంట్‌గోమరీ వార్డ్ అనే వ్యాపారి ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడి దాన్ని నిలబెట్టాడు. మరి 120 అడుగుల ఎత్తున ఆ స్టీలు రేకుల స్టేజీ ఎలా లేచింది? అది భవనం కాదు, శిల్పం అని లెక్కలో రాశారు!

శామ్‌బర్గ్ సోగ్గాడు (మంగళవారం, సాయంత్రం 6:05)

మన మునిసిపాలిటీల్లో కూడా ఇలాంటి ఐడియాలున్నవాళ్ళు ఉన్నారు బాబాయ్, పేర్లు చెప్పను.

పాపికొండలు (మంగళవారం, రాత్రి 9:30)

అబ్బ, ఇంత సమాచారమా! అందరికీ థాంక్స్. అమ్మకి వీణ గారి పోస్ట్ చదివి వినిపించాను. "తంబూర లేకుండా ఎలా వాయిస్తారే" అని ఆశ్చర్యపోయింది, కానీ ఉత్సాహంగానే ఉంది. నాన్న అడిగింది ఒక్కటే, అక్కడ కాఫీ దొరుకుతుందా అని.

రైలే ఖాయం చేశాం. ఇంకా తేలనిది బుధవారమా శనివారమా, ఇంకా వాన. ఈ వారమంతా సాయంత్రాలు ఉరుములే.

మోకాళ్ళ మామయ్య (బుధవారం, ఉదయం 6:45)

కాఫీ ఫ్లాస్కులో పట్టుకెళ్ళండి. అక్కడి కాఫీ మీ నాన్నగారికి నచ్చదు, ఆయన పేరు తెలియకపోయినా చెప్పగలను.

శాలువా, స్వెట్టర్ మర్చిపోకండి. నేపర్‌విల్‌లో చెమటలు పడుతుంటే సరస్సు గాలి తగిలే చోట చలేస్తుంది. టీవీలో వాతావరణం వాళ్ళు "సరస్సు దగ్గర చల్లగా" అని రోజూ చెప్పేది ఉత్తినే కాదు. పచ్చిక మీద కూర్చునేవాళ్ళకి చాప కింద ప్లాస్టిక్ పట్టా ఉండాలి, వానపడిన మర్నాడు నేల చెమ్మగా ఉంటుంది.

బ్లూలైన్ బాబాయ్ (బుధవారం, ఉదయం 9:20)

వాన గురించి. చినుకులకి ఆపరు. స్టేజీ మీద కప్పు ఉంది కాబట్టి వాళ్ళు తడవరు, మనమే తడుస్తాం. మెరుపులు దగ్గరికొస్తే మాత్రం ఆపి పార్కులోంచి బయటికి పంపేస్తారు. కొన్నిసార్లు పక్కనే నేల కింద ఉన్న హ్యారిస్ థియేటర్‌లోకి మారుస్తారు. అక్కడ సీట్లు తక్కువ. అందుకని బయల్దేరే ముందు, మళ్ళీ రైల్లో ఉండగా, వాళ్ళ వెబ్‌సైట్ చూడండి. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి నా సలహా: మధ్యాహ్నానికే ఉరుముల హెచ్చరిక ఉంటే ఆ రోజు మానేయండి. టికెట్ డబ్బులు పోయేదేం లేదు, వచ్చే బుధవారం మళ్ళీ ఉంటుంది.

జూలై నెలాఖరు, ఆగస్టు మొదట్లో లోలాపలూజా అనే పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్ జరిగే నాలుగు రోజులు మాత్రం డౌన్‌టౌన్ వైపే చూడకండి. గ్రాంట్ పార్కంతా వాళ్ళదే, రోడ్లు మూసేస్తారు, రైళ్ళు కిక్కిరిసిపోతాయి. ఆ వారం సింఫనీ వాళ్ళు కూడా హ్యారిస్ థియేటర్‌లోకి వెళ్ళిపోతారు. జూలై 4 కచేరీ కూడా పెద్దవాళ్ళతో వద్దు, జనం.

వయొలిన్ వీణ (బుధవారం, ఉదయం 10:10)

బుధ, శని కాకుండా నాదొక మూడో దారి. రిహార్సల్. కచేరీ ఉన్న వారాల్లో పగటి పూట అదే స్టేజీ మీద ఆర్కెస్ట్రా సాధన చేస్తుంది. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, అదీ ఫ్రీ. జనం ఉండరు, నచ్చిన సీటు, నచ్చినప్పుడు లేవచ్చు. కండక్టర్ ఆపి, "ఇక్కడ ఇంకా మెల్లగా" అని చెప్పి అదే ముక్క మళ్ళీ వాయించడం వినడం ఉందే, సంగీతం నేర్చుకున్నవాళ్ళకి కచేరీ కన్నా అదే ఇష్టంగా ఉంటుంది. మీ అమ్మగారికి కచేరీకి ముందు రిహార్సల్ చూపిస్తే అసలు రోజున ఆ రచన ఆవిడకి కొత్తగా ఉండదు.

2025 నుంచి ఇక్కడ ప్రధాన కండక్టర్ జాన్‌కార్లో గెరేరో. అంతకు ముందు పాతికేళ్ళు కార్లోస్ కాల్మార్.

చిన్నారుల అమ్మ (బుధవారం, ఉదయం 10:40)

రిహార్సల్ ఐడియా భలే. పిల్లలకి వేసవి సెలవులు ఎటూ. కానీ మధ్యాహ్నపు ఎండ సంగతి చూసుకోండి, సీట్ల మీద నీడ ఉండదు, ఆ గొట్టాల పందిరి నీడనివ్వదు. సాయంత్రం కచేరీలో స్టేజీ ఉత్తరాన ఉంటుంది కాబట్టి ఎండ ఎడమ పక్క నుంచి వస్తుంది, కాసేపటికి మిషిగన్ అవెన్యూ భవనాల వెనక్కి పోతుంది. పగలైతే నెత్తి మీదే.

ఓరుగల్లు పోరి (బుధవారం, మధ్యాహ్నం 12:55)

ఎండకు తట్టుకోకపోతే రోడ్డు దాటితే కల్చరల్ సెంటర్ ఉన్నది, పాత లైబ్రరీ బిల్డింగ్, 1897ల కట్టిండ్రు. ఏసీ, బాత్‌రూములు, లోపల రంగుల గాజు గుమ్మటం. లోపలికి పోను పైసలు లేవు. కాకపోతే సాయంత్రం 5కే మూస్తరు.

పాపికొండలు (గురువారం, రాత్రి 10:15)

సరే, నిర్ణయం అయిపోయింది. వచ్చే బుధవారం సాయంత్రం. మా ఆయన సగం రోజు సెలవు పెట్టారు. మూడింటి బండి పట్టుకుని, బాబుకి ఫౌంటెన్, 5:30కి తిండి, నాన్నకి నడవ పక్క సీటు, మేం పచ్చిక ముందంచున. వెళ్ళొచ్చాక రాస్తాను.

బ్లూలైన్ బాబాయ్ (గురువారం, రాత్రి 10:22)

శుభం. తిరుగు బండి టైం ఫోన్‌లో అలారం పెట్టుకో.

పాపికొండలు (మరుసటి గురువారం, రాత్రి 8:50)

వెళ్ళొచ్చామండీ. వరసగా రాస్తాను, తర్వాత వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది.

వాన పడలేదు. రైల్లో బాబు పై సీటు నుంచి దిగనన్నాడు. యూనియన్ స్టేషన్ నుంచి బస్సు కోసం చూశాం గానీ నాన్న స్టేషన్ మెట్లకే ఆయాసపడుతుంటే పెద్ద ఊబర్ తీసుకున్నాం. బ్యాగుల చెకింగ్ దగ్గర స్టీలు డబ్బా తెరిచి చూపించమన్నారు. పులిహోర చూసి ఆ సెక్యూరిటీ ఆవిడ వాసన బాగుందంది, అమ్మ వెంటనే పెట్టబోయింది, ఆపాను.

చిన్నారుల అమ్మ గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. బాబు ఫౌంటెన్‌లో తడిసి ముద్దయ్యాడు, అన్నం తిని, కచేరీ మొదలయ్యాక కాసేపటికే చాప మీద నిద్ర. పాప మొదట ఫోన్ చూసుకుంటూ కూర్చుంది, తర్వాత స్టేజీ వెనక ఆకాశహర్మ్యాలకి ఫోటోలు తీసింది. ఎదురుగా తెల్లగా నిటారుగా కనిపించేది ఏయాన్ సెంటర్ అట.

సీట్లు 5:30కే చాలా ఖాళీగా ఉన్నాయి. నాన్నకి దిండు, నడవ పక్క సీటు, ఫ్లాస్కులో కాఫీ. నెమ్మదిగా వాయించే రెండో భాగంలో మిషిగన్ అవెన్యూ మీద ఫైరింజను కూత పెట్టుకుంటూ పోయింది. ముందూ వెనకా అందరూ మొహాలు చిట్లించారు. నాన్న అప్పుడే నిద్ర లేచి "అయిపోయిందా" అన్నారు.

ఇక అమ్మ. ఓబో స్వరం ఇవ్వగానే నా చెయ్యి పట్టుకుని "అదిగో శ్రుతి" అంది. కాసేపు ఆవిడకి ఏమీ పట్టుబడలేదు, మొహంలో తెలుస్తోంది. సెల్లో వెంట వెళ్ళమని వీణ గారు చెప్పింది గుర్తుచేశాను. ఆ తర్వాత కదల్లేదు. మధ్యలో ఒక చోట కల్యాణి రాగం ఛాయ వినిపించిందంటుంది, నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక ఆ ముక్క కూనిరాగం తీస్తూ గమకాలు పెట్టి పాడుతోంది.

చివర్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే మేం బయల్దేరాం, బాబాయ్ గారి అలారం పుణ్యమా అని బండి అందింది.

వయొలిన్ వీణ (మరుసటి గురువారం, రాత్రి 9:20)

కల్యాణి ఛాయ వినిపించిందంటే ఆవిడ చెవి గట్టిది. పాశ్చాత్య సంగీతంలో ఒక స్కేల్ (స్వరాల వరస)లో నాలుగో స్వరం పెరిగితే అచ్చం ఆ స్వరాలే వస్తాయి, రచయితలు అప్పుడప్పుడూ అటు వెళ్ళివస్తారు. అమ్మగారిని ఒకరోజు రిహార్సల్‌కి నేను తీసుకెళ్తాను, మీకు ఆఫీసు ఉంటే.

మిరపబజ్జీ (మరుసటి గురువారం, రాత్రి 9:26)

సెక్యూరిటీ ఆవిడకి పులిహోర పెట్టనివ్వాల్సింది. వచ్చేసారి లైను లేకుండా పంపేది.

ఓరుగల్లు పోరి (మరుసటి గురువారం, రాత్రి 9:40)

అక్టోబరు దాకా ఉంటరు కదా అమ్మగారు. సెప్టెంబరుల వరల్డ్ మ్యూజిక్ ఫెస్టివల్ ఉంటది, అండ్ల "రాగమాల" అని మన శాస్త్రీయ సంగీతం పెడ్తరు, అదే కల్చరల్ సెంటర్ గుమ్మటం కింద. హిందుస్థానీ, కర్ణాటకం రెండూ. గతంల పొద్దుగూకినంక మొదలుపెట్టి తెల్లారే దాకా నడిపిండ్రు. అది గూడ ఫ్రీనే. ఈసారి ఏ టైంల పెడ్తరో ప్రోగ్రాం వచ్చినంక సూడాలె.

బ్లూలైన్ బాబాయ్ (మరుసటి గురువారం, రాత్రి 9:58)

నేను వెళ్ళాను దానికి. జనం దిండ్లు, దుప్పట్లు తెచ్చుకుని నేల మీద కూర్చుంటారు. కుర్చీలు కావాలంటే ముందే వెళ్ళాలి. మీ నాన్నగారు రాత్రంతా ఉండగలరా?

పాపికొండలు (మరుసటి గురువారం, రాత్రి 10:10)

నాన్నని అడిగాను. ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకుంటానన్నారు, మా ఆయన కూడా వెంటనే ఆయన పార్టీలో చేరిపోయారు. అమ్మా నేనూ వెళ్తాం. వీణ గారూ, మీరూ వస్తారా? తెల్లవారుజామున నేపర్‌విల్ వైపు మొదటి బండి ఎన్నింటికో చూడాలి.

వయొలిన్ వీణ (మరుసటి గురువారం, రాత్రి 10:14)

వస్తాను. మా ఇల్లు సిటీలోనే, ఇక్కడ రెండు గంటలు నడుం వాల్చి తీరిగ్గా వెళ్ళచ్చు. ప్రోగ్రాం రాగానే ఇక్కడే రాస్తా.